తాళం పట్టీల ఎండాకాలం

నా సడ్డకుడు రఘుపతికి సాంచ, అదే మరమగ్గం, నడపడం నేర్పింది నేను. ఈ మాట ఇప్పుడు ఎవరితో చెప్పినా మొహమాటానికి తల ఊపుతారు, అంతే. రఘుపతి అంటే నా భార్య స్వరాజ్యం చెల్లెలు సంతోషి మొగుడు. సిరిసిల్ల దగ్గరి మా అత్తగారి ఊరి నుంచి ఒక చేతిసంచితో సూరత్‌లో దిగినప్పుడు, ఉధ్నాలో నేను పనిచేసే కార్ఖానాకు తీసుకుపోయి మాస్టరు ముందు నిలబెట్టాను. తెగిన పోగును ఎలా పట్టుకోవాలో, పోగులు దూరే అచ్చు పళ్ళ సందులోంచి జారిపోయేంత చిన్న ముడి ఎలా వెయ్యాలో, మిగిలిన కొసలను పంటితో ఎక్కడ కొరకాలో, అన్నీ చూపించాను. ఆరు నెలలు నా పక్క సాంచ మీదే నిలబడ్డాడు.

అన్నీ నేర్చాడుగానీ నా ముడి మాత్రం వాడికి రాలేదు. అది ఎవరికీ రాదు. నా కుడి చూపుడువేలు కొస పాతికేళ్ళప్పుడే సాంచ తినేసింది. అప్పటినుంచి ముడి ఎడమచేత్తోనే వేస్తాను. అందరి ముడి కుడికి తిరిగితే నాది ఎడమకు తిరుగుతుంది. దిగిన బట్టను వెలుతురుకు పట్టి, ఇది సోమలింగం నేసిన బట్ట అని మాస్టరు ఆ ముడిని చూసే చెప్పేవాడు. నాలుగో తరగతితో బడి మానేసినవాడికి అంతకన్నా మంచి సంతకం ఏముంటుంది?

ప్లేగు వచ్చిపోయాక రెండో ఎండాకాలం అది. రఘుపతి అప్పటికే మా కార్ఖానా వదిలేసి కడోదరాలో నవారు నేసే చోట చేరాడు. చీరలు నేసే చెయ్యి మంచాల నవారు నేస్తోందని నేను నలుగురిలో నవ్వాను కూడా. డిండోలిలో మా రెండు కుటుంబాలవి గోడకు గోడ ఇళ్ళు. మా గల్లీ వెనకనుంచే భుసావల్ వైపు రైళ్ళు పోతాయి. మే నెల వస్తే గల్లీలో సగం ఇళ్ళు ఆ రైలెక్కి ఊళ్ళకు పోయేవి. పెళ్ళిళ్ళ కాలం కదా, సూరత్ నుంచి పోయేవాళ్ళ పెట్టెల్లో చీరలు తప్పకుండా ఉంటాయి. ఆ సంగతి దొంగలకు మాకన్నా బాగా తెలుసు. అంతకుముందు ఏడు మా పక్కింటి ముసలామె లింగవ్వ కాజీపేటలో దిగి చూసుకుంటే, పెట్టె కొక్కెం విరిచి ఉంది. ఇద్దరు మనమరాళ్ళ కోసం తీసుకుపోయిన చీరల్లో ఒక్కటీ మిగల్లేదు. ఉత్త పెట్టెను నెత్తిన పెట్టుకుని ఊరికి పోయింది.

ఆ పెట్టెను చూసి అందరం ఏడ్చాం. రఘుపతి మాత్రం దాని కొలత తీసుకున్నాడు.

ఏడాది తిరిగేసరికి కడోదరా నుంచి నవారు చుట్టలు తెచ్చాడు. చెయ్యి వెడల్పు, రెండు పొరలు, కత్తికి కూడా తొందరగా లొంగని నేత. రెండు పట్టీలు పెట్టెను నిలువుగా, అడ్డంగా చుట్టుకొస్తాయి. పైన అవి కలిసే చోట ఇనుప కడియం. ఆ కడియంలోంచి చిన్న ఇత్తడి తాళం. పట్టీల కొసలు మడిచి కుట్టేది ఎవరు? నా పెళ్ళాం. చీరలకు ఫాల్ కుట్టే మిషను మీద నవారు కుట్టడం మొదలుపెట్టింది. సూదులు విరిగేవి. విరిగిన ప్రతి సూదికీ గోడ అవతల ఉన్న వాణ్ణి పిలిచి చూపించేది, వాడు ఏదో అనేవాడు, ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. పన్నెండు గంటలు సాంచల మోతలో నిలబడి వచ్చిన నాకు ఆ నవ్వు మాత్రం తలుపు దాకా వినబడేది.

మొదటి పట్టీ లింగవ్వ పెట్టెకే బిగించాడు. గల్లీ అంతా గుమికూడింది. నేను పళ్ళపుల్ల నములుతూ అడిగాను.

"ఏందిర రఘుపతి, పెట్టెకు మొలతాడు కడ్తున్నవా?"

"మొలతాడే అన్నా," అన్నాడు వాడు తల ఎత్తకుండానే. "కాకపోతే దీనికి తాళమున్నది. జర మనోళ్ళకు కూడ ఇట్లాంటిదే ఉంటే మంచిగుండు."

గల్లీ ఆడవాళ్ళందరూ కొంగులు నోటికి పెట్టుకుని నవ్వారు. అందరికన్నా గట్టిగా స్వరాజ్యం నవ్వింది. మర్నాడు ఆదివారం, వాడు పట్టీలు భుజాన వేసుకుని డిండోలిలో ఒక్కో గల్లీ తిరుగుతూ, తాళమున్న మొలతాడు, పెట్టెకు మొలతాడు అని అరుస్తూ పోయాడు. నేను వెక్కిరించడానికి అన్న మాట వాడికి అరుపుగా పనికొచ్చింది. పదిహేను రోజుల్లో ఉధ్నా దాకా వాణ్ణి ఎరగనివాళ్ళు లేరు. కిరాణా కొట్టు దగ్గర నన్ను చూసి, నువ్వు పట్టీల రఘుపతి అన్నవు గదా అని ఒకడు అడిగాడు. ఇరవై రెండేళ్ళు ఆ ఊళ్ళో బతికినవాణ్ణి నేను.

మా పెట్టెకు పట్టీ వద్దన్నాను. తాడు చాలు, నా ముడి ఎవడూ విప్పలేడు అన్నాను. నేను పనికి పోయినప్పుడు స్వరాజ్యం బిగించింది. తాళానికి రెండు చెవులు. ఒకటి తన దగ్గర ఉంచుకుని, రెండోది నా చొక్కా జేబులో వేసింది.

ఆ ఏడు మా ప్రయాణానికి ఒక పెద్ద పని ఉంది. అక్కాచెల్లెళ్ళ తమ్ముడు దేవదాస్ పెళ్ళి. ఇద్దరు బావలం చెరొక చీర పెళ్ళికూతురికి పెట్టాలి. నేను ఆకుపచ్చ జార్జెట్టు కొన్నాను. మంచిదే. రఘుపతి ముదురు గులాబీరంగు పట్టు తెచ్చాడు, ఒళ్ళంతా జరీ బుటాలు. సంతోషి దాన్ని మా ఇంటికి తెచ్చి విప్పితే, స్వరాజ్యం చేతులు కడుక్కుని వచ్చి ముట్టుకుంది. నా జార్జెట్టును చేతులు కడుక్కోకుండానే మడతపెట్టింది. ఇట్లాంటివి ఎవరికీ గుర్తుండవంటారు. నాకుంటాయి.

ప్రయాణం ఇంకా తొమ్మిది రోజులుందనగా లింగవ్వ తాళంచెవి పోయింది. నాకు ఆ వారం రాత్రి పని, పగలు ఇంట్లో ఉన్నాను. రఘుపతి కడోదరా పోయాడు, స్వరాజ్యం దారం కొనడానికి బజారుకు పోయింది. ముసలామె పెట్టెను ఈడ్చుకొచ్చి నా గడపలో పెట్టింది. పొరపాటున మాత్రలు పెట్టెలో పెట్టి తాళం వేసిందట, ఎట్లన్నా తియ్యమంది. రాయితో కొట్టాలా, సుత్తె తేవాలా అనుకుంటూ, ఊరికే నా జేబులోని చెవి దూర్చి తిప్పాను.

తాళం తెరుచుకుంది.

లింగవ్వ మాత్రలు తీసుకుని నన్ను దీవించి పోయింది. ఆమె వెనకే పెట్టె మోసుకెళ్ళి, ఆమె పట్టీకి తిరిగి తాళం వేసి వచ్చాను. తర్వాత సంతోషి వాళ్ళ వరండాలో అమ్మకానికి పెట్టిన పట్టీల దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ చూశాను. ఏడు తాళాల్లో ఏడూ నా చెవికి తెరుచుకున్నాయి. ఎక్కడో గంపగుత్తగా తెచ్చిన తాళాలు. పైకి నిగనిగ, లోపల అన్నిటికీ ఒకటే కత్తిరింపు. గల్లీ మొత్తం ఒకే చెవిని బొడ్డులో దోపుకుని, నిశ్చింతగా నిద్రపోతోంది.

ఆ పూట నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఎవరితోనూ అనలేదు. ఇప్పుడంటే ఏమవుతుంది, తాళాలు మారుస్తాడు, అన్న చెప్పిండని నాలుగు మంచి మాటలు అంటాడు, మళ్ళీ వాడే పెద్దవాడవుతాడు. అదే ఒక పెట్టె ఖాళీ అయితే, పట్టీ పట్టీలాగే ఉండి, తాళం తాళంలాగే ఉండి లోపలి సరుకు లేకపోతే, అప్పుడు వాడి మొహం చూడాలి. స్వరాజ్యం కుట్టిన కుట్లు కూడా అందులో ఉన్నాయన్న ఆలోచన రాకపోలేదు. వచ్చింది. దాన్ని పక్కకు నెట్టాను.

నాలుగు రోజుల తర్వాత అన్నం పెడుతూ స్వరాజ్యం అడిగింది.

"నాతోని చెప్పేదేమన్న ఉన్నదా?"

"ఏముంటది?"

"ఏం లేదు. ఊకెనే అడిగిన," అని పప్పు గిన్నె నా ముందుకు జరిపి, తను తినకుండా మిషను దగ్గరికి పోయింది.

ప్రయాణం రోజు మా గల్లీవాళ్ళం పదకొండు కుటుంబాలం ఒకే రైలు డబ్బాలో ఎక్కాం. సీట్ల కింద వరసగా పెట్టెలు, పెట్టె పెట్టెకూ శిలువలా పట్టీలు, మధ్యలో ఇత్తడి మెరుపు. పక్క డబ్బావాళ్ళు కూడా వచ్చి చూసిపోయారు. నందుర్బార్ దాటేదాకా రఘుపతి ఎవరో ఒకరికి దాని పొందిక చెబుతూనే ఉన్నాడు. నేను కిటికీ ఊచలు పట్టుకుని కూర్చున్నాను.

భుసావల్‌లో సాయంత్రం నాలుగు గంటలకు బండి ఆగింది. అక్కడ చాలాసేపు ఆగుతుంది. ఎండకు కాలిపోయి ఉన్నారేమో, నీళ్ళకనీ అరటిపళ్ళకనీ అందరూ దిగారు. స్వరాజ్యం దిగలేదు. పెట్టెల వంక చూస్తూ నిలబడింది.

"రా వదినా, జర గాలి తగులుతది," అన్నాడు రఘుపతి కింద నుంచి. "సామాన్ల కాడ అన్న ఉన్నడు గదా."

ఆమె నా వంక చూసింది. చెంబు చేతిలోకి తీసుకుని, మళ్ళీ చూసి, దిగిపోయింది.

నేను నిజంగా అనుకున్నది ఇది. ఆ గులాబీ చీర తీసి నా బొంతమూటలో దాచెయ్యాలి. పెళ్ళింట్లో అందరి ముందూ వాడు పట్టీ విప్పుతాడు, మూత ఎత్తుతాడు, చీర ఉండదు. తర్వాత దాన్ని ఏం చెయ్యాలి, ఎక్కడ దొరికినట్టు చూపించాలి అన్నది ఇప్పుడు చెబుతుంటే తోస్తోంది. అప్పుడు తోచలేదు. మోకాళ్ళ మీద కూర్చుని వాడి పెట్టెను బయటికి లాగాను. నా చెవికి తాళం మెత్తగా తెరుచుకుంది.

మూత ఎత్తగానే పైనే ఒక గుడ్డమూట. చీర అనుకున్నాను. ఎత్తితే బరువుగా ఉంది, లోపల గలగలమంది. మూతికి కట్టిన దారం కొస పట్టి లాగితే ముడి జారి వచ్చింది. మూట నిండా తాళాలు. కొత్తవి. రకరకాల రంగుల దారాలతో ఒక్కో తాళానికి దాని చెవులు కట్టి, ఒక్కో చీటీ పెట్టి ఉంది. చీటీ మీద పేరు. నాకు చదవడం అంతంతమాత్రమేగానీ ఆ రాత నాకు తెలుసు. ఏడో తరగతి చదివిన చెయ్యి, ఊరి నుంచి వచ్చే ఉత్తరాలకు నా తరఫున జవాబులు రాసే చెయ్యి. మొదటి చీటీ మీద సోమలింగం అని ఉంది.

అంటే వాళ్ళకు తెలుసు. తాళాలు పనికిరావని ఇద్దరికీ తెలుసు. కొత్తవి బయల్దేరే పొద్దునే చేతికొచ్చాయని తర్వాత విన్నాను. గల్లీలో గోల లేవకుండా, దిగాక ఒక్కొక్కరికీ మార్చుదామనుకున్నారు. అప్పుడు నాకు ఇవేవీ తట్టలేదు. నా పెళ్ళాం కూర్చుని పదకొండు పేర్లు రాసింది, పక్కన కూర్చుని వాడు రంగు దారాలు కట్టాడు, నాకు మాత్రం చెప్పలేదు అన్న ఒక్కటే తట్టింది. నా దగ్గరున్న రహస్యం ఎందుకూ కొరగానిదైపోయింది. మూట కింద గులాబీ చీర అంచు కనబడుతోంది. దాన్ని ముట్టుకోలేదు. మంచితనం వల్ల కాదు. ఆ చీటీ మీది నా పేరునే చూస్తూ ఉండిపోయాను.

ఇంజను కూత వేసింది. వాళ్ళు పరుగెత్తుకుంటూ వస్తున్న అలికిడి. మూటను దగ్గరికి లాగి దారం చుట్టి, ముడి వేసి, కొసలు పంటితో కొరికి, మూత వేసి, పట్టీ బిగించి, తాళం నొక్కి పెట్టెను సీటు కిందికి తోశాను. స్వరాజ్యం ఎక్కేసరికి కిటికీ దగ్గర ఉన్నాను. నాకు ఒక అరటిపండు ఇచ్చింది. తిన్నాను.

కాజీపేటలో దిగేసరికి తెల్లవారింది. కరీంనగర్ బస్సుకు ఇంకా వేళ ఉంది. ప్లాట్‌ఫారం మీద పెట్టెల మీదే కూర్చుని అందరూ చాయ్ తాగుతుంటే, రఘుపతి తన పెట్టె విప్పాడు. అందరికీ ఇంకా గట్టి తాళాలు తెచ్చిన, పాతయి నాకియ్యుండ్రి అన్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. వాడంటే అంత నమ్మకం. మూట తీసి స్వరాజ్యం చేతికిచ్చాడు.

ఆమె మూటను ఒళ్ళో పెట్టుకుని దారం కొస కోసం తడిమింది. లాగితే వచ్చేట్టు తను వేసిన జారుముడి అది. కొస దొరకలేదు. తల వంచి చూసింది. ఈడ్చి కట్టిన చిన్న ముడి, కందిగింజంత. కొసలు కొరికేసి ఉన్నాయి.

అప్పుడు చూసుకున్నాను నేను చేసిన పని. తెగినదేదైనా కనబడితే వేళ్ళు వాటంతటవే చేసే పని, ఇరవై రెండేళ్ళుగా రోజుకు వందసార్లు చేసే పని. మా ఇంట్లో దోమతెర తాళ్ళకూ, బియ్యం సంచి మూతికీ ఆమె రోజూ చూసే ముడి. ఎడమకు తిరిగి ఉంది.

"అట్ల రాదు బిడ్డా, కొరికెయ్," అంది లింగవ్వ పక్కనుంచి.

రఘుపతి వంగి చూశాడు. మాస్టరు బట్టను చూసినట్టు చూశాడు. నా వంక మాత్రం చూడలేదు.

"నేనే గట్టిన వదినా," అన్నాడు. "తొవ్వల మూట లూజయితే."

"గట్లనా," అంది ఆమె. దారాన్ని పంటితో తెంపింది. ముడి ఉన్న ముక్కను కింద పడెయ్యలేదు, కొంగు కొసన కట్టుకుంది. ఆ తర్వాత ఒక్కొక్క పేరూ చదివి తాళాలు పంచింది. మొదటి చీటీ నాదే అయినా నాది చివరన ఇచ్చింది.

ఆ అబద్ధం కూడా వాడే ఆడాడు. వేలెత్తి చూపించి, అన్నా నువ్వేనా అని నలుగురిలో అడిగినా నేను ఇంతగా కాలిపోయేవాణ్ణి కాదు. నా ముడిని కూడా తన మీద వేసుకుని, దాన్ని కూడా నా నుంచి తీసుకున్నాడు.

బస్సులో స్వరాజ్యం నా పక్కనే కూర్చుంది. మానేరు వంతెన మీదికి వచ్చాక, కిటికీలోంచి ఇసుకను చూస్తూ చిన్నగా అంది.

"లింగవ్వ ఆ దినమే చెప్పింది, మీ ఆయన మీ చెవితోనే నా తాళం తీసిండని. నువ్వు చెప్తవేమోనని తొమ్మిది దినాలు చూసిన."

"మీరిద్దరు నాకు చెప్పిండ్రా మరి?"

ఆమె నా వైపు తిరిగింది. నా చేతుల వంక చూసి, మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

పెళ్ళి బాగానే జరిగింది. పెళ్ళికూతురు గులాబీ చీర కట్టుకుంది. నా జార్జెట్టు మూడో రోజు కట్టుకుందట, నేను చూడలేదు.

వానలు మొదలయ్యాక సూరత్‌కు తిరిగొచ్చాం. దసరా లోపల రఘుపతి, సంతోషి కడోదరాకు ఇల్లు మార్చుకున్నారు. పని దగ్గరవుతుందన్నారు. పక్కింట్లో ఎవరో ఒడియావాళ్ళు దిగారు. గోడ అవతలి నుంచి నవ్వు రాదు ఇప్పుడు. అదే కదా కోరుకున్నాను. ఇప్పుడు జనం చక్రాల పెట్టెలూ జిప్పు సంచులూ మోస్తున్నారు, పట్టీలు అడిగేవాడు లేడు. అయినా రఘుపతికేం, వాడు బడి సంచులకు పట్టీలు నేయిస్తున్నాడు, కింద ఇరవైమంది పనివాళ్ళు. కనబడితే ఇప్పటికీ అన్నా అని లేచి నిలబడతాడు. ఆ ముడి మాట ఒక్కనాడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే కొట్లాడేవాణ్ణి. కొట్లాడి ఉంటే ఏదో ఒక దారి దొరికేది.

స్వరాజ్యానికి పుట్టింటి నుంచి తెచ్చుకున్న రేకు పెట్టె ఒకటి ఉంది. మంచం కింద ఉంటుంది. పెళ్ళయిన నాటినుంచి దానికి గొళ్ళెం పెట్టడమేగానీ తాళం వేసి ఎరగదు. నా బీడీల కట్ట కూడా అందులోనే పెట్టుకునేవాణ్ణి. ఊరి నుంచి వచ్చిన వారానికి, పనికి పోయి వచ్చేసరికి, నా బీడీల కట్ట కిటికీలో ఉంది. పెట్టె చుట్టూ నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి పట్టీలు. తనే కుట్టింది, రెండు వరసల కుట్టు. తాళం కొత్తది. దానికి రెండు చెవులుండాలి. ఒకటే చూశాను, ఆమె మెడలో, పుస్తెల పక్కన.

అందులో ఏమున్నాయో నాకు తెలుసు. పెళ్ళి చీర, తల్లి ఇచ్చిన వెండి కడియాలు, తమ్ముడి ఉత్తరాలు. దొంగలు ఆశపడేంతవి కావు. పైగా ఆ గదిలో ఉండేది మేమిద్దరమే.

పట్టీల రంగు పోయింది. తాళానికి తుప్పు పట్టలేదు. నెలకొకసారి పెట్టెను మంచం కింది నుంచి ఈడ్చి, కుట్టుమిషను నూనె దాంట్లో రెండు చుక్కలు వేస్తుంది. నేను ఇంట్లో లేనప్పుడు కాదు. నేను అన్నం తింటుండగా, నా ఎదురుగా కూర్చునే వేస్తుంది.